చదువుతూనే కార్డు చెయ్యాలా, మర్నాడా, లేక ఏఐకి అప్పజెప్పాలా?

రోజూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటాం, అందులో పనికొచ్చేవి ఆంకిలోకి (ప్రశ్న-జవాబు కార్డుల్ని మర్చిపోకుండా మళ్లీమళ్లీ చూపించే యాప్) ఎక్కించడానికి ఏ దారి మేలు అని ఆంకి పట్టుకున్న ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు డౌటొస్తుంది. నేను మూడూ చేసి చూశా.

మొదటిది అక్కడికక్కడే కార్డు చేసెయ్యడం. జపనీస్ లాంటి కొత్త భాష నేర్చుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు, బ్రౌజర్‌లో యోమిటాన్ అనే డిక్షనరీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, దాన్ని ఆంకికనెక్ట్ అనే యాడాన్‌తో ఆంకికి కలిపితే, తెలియని పదం అర్థం చూస్తూనే ఒక్క క్లిక్‌తో పదం, అర్థం, అది వచ్చిన వాక్యం అన్నీ కార్డులో పడిపోతాయి. అదే వ్యాసమో పాఠమో అయితే మాత్రం నరకం. పేరాకోసారి ఆగి ప్రశ్న రాసుకుంటూ కూర్చుంటే అసలు విషయం ఎటు పోతోందో మర్చిపోతాం.

రెండోది చదివేటప్పుడు హైలైట్ చేసుకుంటూ పోయి మర్నాడు కార్డులు చెయ్యడం. కిండిల్‌లో అయితే మనం అర్థం చూసిన పదాల్ని వొకాబులరీ బిల్డర్ వాక్యంతో సహా దాచిపెడుతుంది, ఫోన్లో చదివేవాళ్లకి స్క్రీన్‌షాట్లు చాలు. ఇందులో నాకు నచ్చేదేంటంటే నిన్న అబ్బో అనిపించిన వాటిలో సగం ఇవాళ చూస్తే ఇదెందుకు గీశాన్రా బాబూ అనిపిస్తాయి, అవి కొట్టేస్తే గొడవొదిలిపోతుంది. బద్ధకిస్తే మాత్రం గుట్టలా పేరుకుపోతాయి, నావి ఒకసారి నాలుగొందలు దాటాక మొత్తం డిలీట్ చేసేసి హాయిగా పడుకున్నా.

మూడోది ఏఐ. టెక్స్ట్ పేస్ట్ చేసి ప్రశ్నకీ జవాబుకీ మధ్య ట్యాబ్ పెట్టి ఇమ్మంటే ఇచ్చేస్తుంది, ఫైల్ ఇంపోర్ట్ చేసుకోడమే. మరీ తేలిక, అదే ప్రాబ్లం. మరుపు మీద సైకాలజిస్టు ఎబ్బింగ్‌హాస్ 1885లో అచ్చువేసిన ప్రయోగాల గురించి ఒక పేజీ ఇచ్చామనుకోండి, "ఎబ్బింగ్‌హాస్ కృషిని వివరించండి" అని పరీక్ష పేపర్ ప్రశ్న మన మొహాన కొడుతుంది. మనకి కావాల్సిందేమో "ఎబ్బింగ్‌హాస్ ...... లేని అక్షరాలు బట్టీపట్టి తన జ్ఞాపకశక్తినే కొలుచుకున్నాడు" లాంటి క్లోజ్ (cloze) కార్డు, అంటే ఖాళీ పూరించేది, ఒకటే ఖాళీ, ఒకటే జవాబు: "అర్థం". పైగా కార్డు చెయ్యడం ఓసారితో అయిపోతుంది, తిప్పడం మాత్రం నెలల తరబడి మన నెత్తినే ఉంటుంది. రోజూ 20 కొత్త కార్డులు నేర్చుకుంటూ పోతే రోజుకి దాదాపు 200 రివ్యూలొస్తాయని ఆంకి మాన్యువల్లోనే రాశారు, ఇంక ఏఐ ఒక్క వ్యాసానికే 60 కార్డులు కుమ్మరిస్తే వారం తిరిగేసరికి యాప్ తెరవాలంటేనే భయమేస్తుంది.

నా ఓటు రెండోదానికే, పదాలకి మాత్రం మొదటిది. ఏఐని పూర్తిగా మానలేదు, మర్నాటికి మిగిలిన ఒక్కో వాక్యం ఇచ్చి దీనికి ఒక్క క్లోజ్ చేసిపెట్టు అంటా. అప్పుడు కూడా ఖాళీ ఎక్కడుండాలో చాలాసార్లు నేనే మార్చుకోవాల్సొస్తుంది.