ఆస్బెస్టాస్ పరిహార దావా: మేము ఆశ్రయించిన న్యాయసేవా సంస్థ పనితీరు

మా నాన్నగారు ఇరవై రెండేళ్లపాటు బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు ఇన్సులేషన్ చుట్టే పని చేశారు. పదవీ విరమణ చేసి చాలా ఏళ్లు గడిచాక ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు ఎన్నిసార్లు తీయించినా మళ్లీ చేరుతుండటంతో బయాప్సీ చేశారు, అందులో మీసోథీలియోమా అని తేలింది. ఆస్బెస్టాస్ నారను పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు బయటపడే క్యాన్సర్ ఇది. పరిహారం కోసం మేము ఇలాంటి దావాలు మాత్రమే చేపట్టే ఒక న్యాయసేవా సంస్థను ఆశ్రయించాం. పందొమ్మిది నెలల తర్వాత దావా రాజీలో ముగిసింది. ఆ సంస్థ పేరు రాయడం లేదు గానీ, దాని పనిలో మెచ్చదగినవీ మెచ్చరానివీ ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇంత కాలం గడిచిపోయింది కదా, గడువు దాటి ఉంటుందన్నదే మా మొదటి భయం. చాలా దేశాల చట్టాల్లో గడువును దుమ్ము పీల్చిన రోజు నుంచి కాక, జబ్బు ఫలానా కారణం వల్ల వచ్చిందని రోగికి తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారని వారు మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పి, బయాప్సీ నివేదిక తేదీని ఫైలు మొదటి పుటలో రాసుకున్నారు.

వారి అసలు సామర్థ్యం పని చరిత్రను రాబట్టడంలో కనిపించింది. ఇటువంటి దావాలో కోర్టులో జరిగే వాదన కన్నా, నలభై ఏళ్ల కిందట ఎవరి దగ్గర, ఏ షెడ్డులో, ఏ సరుకుతో పని చేశారన్నది తిరిగి కూర్చడమే పెద్ద పని. సంస్థ తరఫున వచ్చిన అధికారి నాన్నగారి పక్కన మూడు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున కూర్చున్నారు. బస్తా మీద ఏ రంగు అక్షరాలు ఉండేవి, పొడిని చేత్తో కలిపేవారా, పాత పూతను గీకి తీసేటప్పుడు కిటికీలు తెరిచి ఉండేవా, మాస్కు ఇచ్చారా, ఇస్తే ఏ గుడ్డతో చేసినది, పక్కన ఇంకెవరు ఉండేవారు అని ఓపికగా అడిగారు. పేర్లు మరచిపోయిన నాన్నగారికి బస్తాల మీది గుర్తులు జ్ఞాపకం వచ్చాయి. ఆ గుర్తుల ఆధారంగానే ఇద్దరు తయారీదారుల పేర్లు తేలాయి. అమ్మ దాచిన జీతం చీటీల కట్టను చూసి మేమంతా ఏళ్ల తరబడి వేళాకోళం చేసినవాళ్లమే. ఉద్యోగ కాలాన్ని రుజువు చేసింది ఆ చీటీలే.

నాన్నగారు ముగ్గురు యజమానుల దగ్గర పని చేశారు. జబ్బుకు కారణమైన నార ఎవరి షెడ్డులో ఊపిరితిత్తిలోకి వెళ్లిందో ఏ వైద్యుడూ చెప్పలేడు. ఈ చిక్కుముడినే బ్రిటన్‌లో 2002లో ఫెయిర్‌చైల్డ్ కేసులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ విప్పింది. ప్రతి యజమానీ నిర్లక్ష్యంతో ప్రమాదాన్ని గణనీయంగా పెంచినప్పుడు, ఫలానా నార ఫలానా వారిదని రుజువు చేయలేకపోయినా మీసోథీలియోమా బాధితులకు పరిహారం దక్కుతుందని తీర్పు ఇచ్చింది. అంతకు ముందే 1973లో అమెరికాలో బోరెల్ అనే ఇన్సులేషన్ కార్మికుడి కేసులో, ప్రమాదం గురించి హెచ్చరించని తయారీదారులదే బాధ్యతని అప్పీలు కోర్టు తేల్చింది. ఈ రెంటి సారాన్నీ మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పినందుకు సంస్థ న్యాయవాదిని మెచ్చుకోవాలి. తయారీదారు దివాలా తీస్తే ఏమవుతుందన్న మా ప్రశ్నకు కూడా తప్పించుకోకుండా జవాబిచ్చారు. 1982లో దివాలా రక్షణ కోరిన అమెరికా ఆస్బెస్టాస్ తయారీ సంస్థ జాన్స్-మాన్‌విల్ విషయంలో బాధితుల కోసం ప్రత్యేక ట్రస్టు ఏర్పడి, 1988 నుంచి పని చేస్తోందని వివరించారు.

ప్రతివాదుల బీమా సంస్థ నాన్నగారి సిగరెట్ల సంగతి తవ్వింది. పొగతాగడం, ఆస్బెస్టాస్ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం విపరీతంగా పెరుగుతుందన్నది నిజమే గానీ, మీసోథీలియోమాకు పొగతో సంబంధం లేదని మా వైపు నిపుణుడు రెండు పుటల నివేదిక ఇచ్చాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. రెండో నెలలోనే నాన్నగారి వాంగ్మూలాన్ని ప్రమాణం చేయించి, ఎదుటి పక్షం న్యాయవాది సమక్షంలో వీడియో తీయించడం వారు చేసిన అతి ముఖ్యమైన పని. పదకొండో నెలలో ఆయన కన్నుమూశారు. దావా వారసులుగా మా పేరిట కొనసాగింది, సాక్ష్యం మాత్రం ఆయన గొంతులోనే నిలిచింది.

ఇక లోపాలు. ఫైలు ముగ్గురు జూనియర్ల చేతులు మారింది. ప్రతిసారీ కథంతా మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. గెలిస్తేనే ఫీజు అన్న మాట నిజమే అయినా, నిపుణుల నివేదికలకూ రికార్డుల నకళ్లకూ అయిన ఖర్చులు అందులో కలవవని చివరి లెక్క చేతికి వచ్చాకే తెలిసింది. ఒప్పందంలో ఆ వాక్యం ఉన్నది, కానీ చదివి వినిపించవలసిన వాక్యం అది. రాజీ పత్రం మీద వారం లోపల సంతకం చేయమని తొందరపెట్టడం మరీ తప్పు. మా విషయంలో పత్రం తుది పరిష్కారమైనా నష్టం లేదు. ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ నారతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, క్యాన్సర్ కాదు) వంటి జబ్బుతో వచ్చిన కార్మికుడు అలాగే సంతకం చేస్తే, రేపు క్యాన్సర్ వచ్చినా మళ్లీ అడిగే హక్కు పోవచ్చు. తర్వాత దాపురించే జబ్బుకు మళ్లీ దావా వేసుకునేలా తాత్కాలిక పరిహారం కోరే వీలు కొన్ని దేశాల్లో ఉంది. ఆ వీలు ఉందో లేదో వారంతట వారే చెప్పాలి, బాధితుడు అడగనక్కర లేకుండా.

సాక్ష్యాధారాల సేకరణకైతే వారిని ఎవరికైనా నిస్సంకోచంగా సూచిస్తాను. లెక్కల విషయంలో మాత్రం ఖర్చుల పట్టికను ప్రతి మూడు నెలలకూ రాతపూర్వకంగా ఇవ్వాలని ఒప్పందంలోనే చేర్పించుకోవాలి.

నాన్నగారి పని దుస్తులు ఇంట్లో దులిపి ఉతికింది అమ్మే. అలా దుస్తుల వెంట ఇంటికి చేరిన దుమ్ముతో జబ్బు పడిన గృహిణులు ఎందరో ఉన్నారని చెప్పి, అమ్మ ఛాతీ పరీక్ష చేయించమన్నది కూడా ఆ మొదటి అధికారే. ఇప్పటికి ఏమీ లేదు. ఏటా చేయించే పరీక్షల నకళ్లను మూసిన మా ఫైలుకు జతచేస్తూ ఉండమని కోరాను, ఒప్పుకున్నారు.