లేజర్ పాయింటర్‌ను మౌస్‌గా వాడితే: చూపడంలో మెరుగు, క్లిక్కులో వెలితి

ప్రొజెక్టర్ తెర పక్కన నిలబడి పాఠం చెప్పేవారు ఒక లింకు తెరవాలన్నా, ఒక బొమ్మను పెద్దది చేయాలన్నా ప్రతిసారీ కంప్యూటర్ దగ్గరికి వెళ్లవలసి వస్తుంది. ఆ తిరుగుడు తప్పించడానికి నేను వాడి చూసిన ఏర్పాటులో ఉన్నవి మూడే: మామూలు ఎర్ర లేజర్ పాయింటర్, తెరవైపు తిప్పి పెట్టిన వెబ్‌క్యామ్, కెమెరా బొమ్మలను విశ్లేషించే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్ ఆధారంగా రాసిన ఒక ఉచిత ప్రోగ్రామ్.

పాయింటర్‌కూ కంప్యూటర్‌కూ నేరుగా ఏ సంబంధమూ ఉండదు. కెమెరా పంపే ప్రతి ఫ్రేములోనూ ప్రోగ్రామ్ లేజర్ చుక్కను వెతికి, అది కనిపించిన చోటికి కర్సర్‌ను జరుపుతుంది. ముందుగా తెర నాలుగు మూలలను గుర్తించి ఇస్తే, కెమెరాకు ఏటవాలుగా కనబడే తెరను హోమోగ్రఫీ అనే గణితం సరిచేసుకుంటుంది. ఆ తరువాత కెమెరా ఏమాత్రం కదిలినా మూలలను మళ్లీ గుర్తించవలసిందే.

అసలు మెలకువ ఎక్స్‌పోజర్‌లో, అంటే కెమెరా ఎంత వెలుగును తీసుకోవాలో చెప్పే అమరికలో ఉంది. దానిని ఆటోలో వదిలేస్తే చుక్క నడిమి భాగం కెమెరాకు తెల్లగా కనబడి, చుట్టూ సన్నని ఎర్రని అంచు మాత్రమే మిగులుతుంది. తెల్లని స్లైడు మీద ప్రోగ్రామ్ దానిని పోల్చుకోలేదు. ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌గా బాగా తగ్గిస్తే స్లైడంతా మసకబారి చుక్క ఒక్కటే స్పష్టంగా నిలుస్తుంది, కర్సర్ కూడా తడబడకుండా దాని వెంట నడుస్తుంది. నిగనిగలాడే టీవీ తెర మీద మాత్రం చుక్క కెమెరాకు సరిగా ఆనదు కాబట్టి ఈ పద్ధతి అక్కడ పనికిరాదు.

చూపడం వరకు ఎంతో హాయిగా ఉన్న ఈ సాధనం క్లిక్కు దగ్గర చతికిలబడుతుంది. బల్ల మీద ఆనుకుని ఉండే మౌస్ మీట నొక్కినా కదలదు. గాలిలో ఉన్న చేయి అర డిగ్రీ వణికితే చాలు, 5 మీటర్ల దూరంలోని తెర మీద చుక్క 4 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. ఆ వణుకును ప్రోగ్రామ్ సర్దబోతే కర్సర్ వెనకబడుతుంది. చుక్కను ఒకచోట కాసేపు నిలిపితే క్లిక్కుగా తీసుకునే పద్ధతి పెద్ద బొత్తాలకు సరిపోతుంది గాని, మెనూలోని చిన్న అక్షరాలకు చాలదు. ఫైలును పట్టి లాగడం దాదాపు అసాధ్యం. 2007లో జానీ లీ అనే పరిశోధకుడు నింటెండో వీ (Wii) ఆటల యంత్రపు రిమోట్‌తో చేసి చూపిన వైట్‌బోర్డులో ఈ చిక్కు లేదు, ఎందుకంటే అక్కడ పరారుణ కాంతినిచ్చే పెన్నును తెరకే ఆనించి మీట నొక్కుతారు.

భద్రత విషయంలో రాజీ పడకూడదు. 1 మిల్లీవాట్‌కు మించని క్లాస్ 2 పాయింటర్‌నే వాడాలి. నునుపైన బోర్డు మీద పడిన కిరణం ఎదుటివారి కళ్లవైపు తిరగవచ్చు కాబట్టి మెరుపు లేని తెరనే ఎంచుకోవాలి.

స్లైడ్లు తిప్పడానికే అయితే మీటలున్న ప్రెజెంటేషన్ రిమోట్ ఇంతకంటే మేలు. తెర మీద ఏదో ఒకచోటిని పదేపదే చూపుతూ పెద్ద బొత్తాలను నొక్కవలసిన పాఠాలకు మాత్రం నేను దీనినే ఎంచుకుంటాను. చేతులు కదపలేని వారికి కళ్లజోడు ఫ్రేముకు చిన్న లేజర్ అమర్చి, తల కదలికతోనే కంప్యూటర్ నడిపే వీలు కల్పించగలగడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. అటువంటివారి కోసం చుక్కను నిలపవలసిన వ్యవధిని ఎవరికి తగినట్టు వారు మార్చుకునే అమరిక ఉన్న ప్రోగ్రామ్‌నే తీసుకోవాలి.