పాత ఎర్టిగానా, పాత ఇన్నోవానా?

విజయనగరంలో ఏడుగురి కుటుంబానికి సెకండ్ హ్యాండ్ బండి అంటే చివరికి ఈ రెండే మిగులుతాయి: 2012 తర్వాతి పెట్రోల్ ఎర్టిగా, క్రిస్టా (ఇన్నోవా తర్వాతి మోడల్) రాకముందు నాటి డీజిల్ ఇన్నోవా.

కొనేటప్పుడు ధర అడుగుతాం, ఖర్చు అడగం. ఇన్నోవా 2.5 లీటర్ల ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే పట్టీ) ఉంటుంది. లక్షన్నర కిలోమీటర్లకు మార్చాలి. మార్చిన బిల్లు చూపించకపోతే, ఆ ఖర్చు మీ మీదే పడుతుంది, బేరంలోనే అంత తగ్గించుకోండి. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజిన్ విప్పాల్సిందే. ఎర్టిగాకు బెల్టు బదులు చైను, ఆ బెంగ లేదు. ఇంజిన్ ఆయిలూ దానికి సుమారు సగమే పడుతుంది.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా చూడండి. 2022 రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ లోపు బండికి (ఎర్టిగా) ఏడాదికి 3,416 రూపాయలు, 1,500 దాటితే (ఇన్నోవా) 7,897. పైన జీఎస్టీ అదనం.

అయితే నిండా జనంతో, టాప్ మీద సామానుతో ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కితే ఎర్టిగా ఆయాసపడుతుంది, ఇన్నోవా పట్టించుకోదు. నెలకోసారి అరసవల్లి, పండక్కి ఊరు, అంతేనా? నేనైతే ఎర్టిగానే తీసుకుంటాను. సముద్రం పక్కన భీమిలి వైపు తిరిగిన బండైతే మాత్రం, ఏదైనా సరే, కింద తుప్పు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.