వైజాగ్‌లో "స్లీప్ కిట్" కొంటున్న స్పెషల్ పిల్లల అమ్మానాన్నలూ, డబ్బులు కట్టేముందు ఇది చదవండి

మా బాబుకి ఏడేళ్ళు, ఆటిజం, ఇంకా మాటలు రాలేదు. రాత్రి పదింటికి పడుకోబెడితే పన్నెండుకల్లా లేచిపోతాడు, మళ్ళీ నాలుగింటికి గానీ కన్ను మూయడు, ఆ మధ్యలో ఇల్లంతా తిరుగుతాడు, తలుపు గడియలు లాగుతాడు, మంచం మీంచి దూకుతాడు. మాది గాజువాక, మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, పడిన వారం అయితే నేనొక్కదాన్నే వాడి వెనకాల తిరగాలి. ఇలాంటి రాత్రులు ఏళ్ళ తరబడి గడిపిన వాళ్ళకి ఎవరైనా వచ్చి "మేడం, మూడు రోజుల్లో బాబు తెల్లార్లూ పడుకుంటాడు" అంటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు, ఆ ఆశ మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తోంది, అందుకే ఇదంతా కూర్చుని టైప్ చేస్తున్నా.

ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన రోజు కదా, ఆ వారం సిటీలో ఒక ప్రోగ్రాం జరిగితే థెరపీ అయిపోయాక బాబుని తీసుకుని వెళ్ళాను. బయట ఒక స్టాల్, టేబుల్ మీద బరువు దుప్పట్లు, అదే వెయిటెడ్ బ్లాంకెట్లు, లోపల బరువుకి నాణ్యమైన గాజు పూసలు నింపాం అన్నారు, పక్కన బొమ్మల డబ్బాల్లో నిద్రకి అని గమ్మీలు, అదే నమిలే జెల్లీ మిఠాయిల్లాంటివి. అమ్మే అతను చాలా మర్యాదగా మాట్లాడాడు, బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దుప్పటి కప్పాడు, వాడు రెండు నిమిషాలు కదలకుండా ఉన్నాడు, నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. దుప్పటి, గమ్మీలు కలిపి కిట్ 8,900 అన్నాడు, ఈ రోజే అయితే 8,200 అన్నాడు. ఫోన్‌పే చేశాను. నంబర్ ఒక మనిషి పేరు మీద ఉంది, షాపు పేరు మీద లేదు. బిల్లు అడిగితే వాట్సాప్‌లో పంపుతాను మేడం అన్నాడు, ఈ రోజుకీ రాలేదు.

బాబు బరువు 19 కిలోలు. పిల్లల బరువులో పదో వంతు ఉంటే చాలని అందరూ అనే లెక్క, అంటే రెండు కిలోలకి కాస్త తక్కువే. అతను మూడు కిలోలది ఇచ్చి "వీడు హైపర్ కదా, కొంచెం ఎక్కువ ఉంటేనే పనిచేస్తుంది" అన్నాడు, నేను నమ్మాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి మా వీధి కిరాణా కొట్టు అన్నయ్య కాటా మీద పెట్టించా. 4 కిలోల 650 గ్రాములు. ఆ అన్నయ్య రెండుసార్లు తూచాడు, "చెల్లెమ్మా, ఇది చిన్నపిల్లాడి మీదేనా కప్పేది" అని అడిగాడు. వాడి ఒంటి బరువులో పావు వంతు! కానీ ఈ తూకం నేను వేయించింది జరగాల్సింది జరిగాక.

ఏప్రిల్ నెల, మన వైజాగ్ ఉక్క తెలుసుగా, ఫ్యాను కింద పడుకున్నా మెడ కింద తడి ఆరదు. దుప్పటి లోపల ఏదో పాలిస్టర్ గుడ్డ, గాలి ఆడదు. మొదటి నాలుగు రాత్రులు వాడు నిజంగానే కాస్త త్వరగా పడుకున్నాడు, మా అత్తయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఐదో రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది, ఫ్యాను ఆగితే నాకు మెలకువ వచ్చింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే దిండు మీద వాడి తల లేదు. దుప్పటికి ఒక కొసన జిప్పు ఉంటుంది, లోపలి బరువు సంచి తీసి కవరు ఉతుక్కోడానికి. మావాడికి జిప్పులంటే ప్రాణం, స్కూల్ బ్యాగు జిప్పు వందసార్లు తీస్తాడు మూస్తాడు. ఆ జిప్పు తీసి తలా భుజాలూ కవరు లోపలికి దూర్చేశాడు, బయటికి రావడం తెలియలేదు. అరవలేదు. అరవడం వాడికి అలవాటు లేదు కదా. కాళ్ళు మాత్రం కొంచెం కొంచెం కదులుతున్నాయి. బయటికి లాగితే జుట్టు మొత్తం చెమటకి నుదుటికి అతుక్కుపోయి ఉంది, మొహం ఎర్రగా కందిపోయింది, రెండు చేతులతో నా నైటీ పట్టుకుని వదల్లేదు.

అక్కడితో అయిపోలేదు. లాగుతున్నప్పుడు లోపలి సంచి కుట్టు విడిపోయింది, టైల్స్ మీద గలగలమని ఏవో రాలాయి. నాణ్యమైన గాజు పూసలు అని చెప్పాడు కదా, చూస్తే ఇసుక, మధ్యమధ్యలో తెల్లటి ప్లాస్టిక్ గుళికలు. వాడికి ఏది దొరికినా నోట్లో పెట్టుకునే అలవాటు ఉంది. వేలు పెట్టి చూస్తే నాలుక కింద మూడు గుళికలు దొరికాయి, ఇసుక అయితే పళ్ళ మధ్య కూడా. ఆ రాత్రి తెల్లవారేదాకా లైటు వేసుకుని వాడి ఛాతీ పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నా.

మర్నాడు డాక్టర్ గారి దగ్గరికి పరిగెత్తాం. దేవుడి దయ, ఏమీ కాలేదు. ఆయన నన్ను తిట్టలేదు గానీ ఒక్క మాట అడిగారు, ఆ దుప్పటి బాబు తనంతట తను తీసి పడేయగలడా అని. నా దగ్గర జవాబు లేదు. అమ్మేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, కొనే మనం అడగాల్సిందీ అదే. పిల్లాడు కదపలేకపోతే, తీసెయ్ అని చెప్పలేకపోతే అది వాడి మీద వేయకూడదు, అంతే.

తర్వాత ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, మాకు జరిగినట్టే అమెరికాలో 2022లో నాలుగేళ్ళు, ఆరేళ్ళు ఉన్న ఇద్దరు అమ్మాయిలు జిప్పు తీసుకుని కవరు లోపలికి వెళ్ళి ఇరుక్కుని ఊపిరాడక చనిపోయారు. ఆ డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వ సంస్థ సుమారు 2,04,000 దుప్పట్లు వెనక్కి తెప్పించింది. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. పాలు తాగే పిల్లలకి అయితే బరువు పెట్టిన దుప్పట్లూ చుట్టే గుడ్డలూ అసలు వాడొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2022లోనే చెప్పింది. మన స్టాల్‌లో మాత్రం రెండేళ్ళ పాపకి కూడా సైజు ఉంది అన్నాడు.

ఇంకో సంగతి, ఈ దుప్పట్లతో నిద్ర పెరుగుతుందని స్టాల్‌లో "ప్రూవ్ అయింది మేడం" అన్నాడు. డాక్టర్ గారు చెప్పింది ఏంటంటే, బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 5 నుంచి 16 ఏళ్ళ పిల్లల మీద సరిగ్గా ఇదే పరీక్షించి 2014లో ఫలితాలు వేశారట, 67 మంది పిల్లల లెక్కలు తీస్తే మామూలు దుప్పటికీ బరువు దుప్పటికీ నిద్రపోయిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, కాకపోతే పిల్లలకీ తల్లిదండ్రులకీ బరువుదే నచ్చింది. కొందరు పిల్లలకి దాంతో నిజంగానే హాయిగా ఉంటుంది, నేను కాదనను. పెద్ద పిల్లలు, సొంతంగా తీసుకోగలిగేవాళ్ళు, థెరపీ చేయించే ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్) మేడం చూసి చెప్తే, మనం మేలుకుని ఉన్నప్పుడు వేసి చూడటం వేరు. రోడ్డు పక్కన టేబుల్ మీద కొనడం వేరు.

గమ్మీల సంగతి. డబ్బా మీద "హెర్బల్, మెలటోనిన్ 5 ఎంజీ" అని ఉంది, మెలటోనిన్ అంటే నిద్ర వేళకి ఒంట్లో ఊరే హార్మోన్, తయారుచేసిన వాడి అడ్రస్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తినే వస్తువుల ప్యాకెట్ మీద ఉండాల్సిన 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ కూడా లేదు. నేను రోజూ ఒకటి వేశాను, పొద్దున్న పదకొండు దాకా వాడు మత్తుగా తూలేవాడు, స్కూల్లో టేబుల్ మీద తల పెట్టి పడుకుంటున్నాడని టీచర్ ఫోన్ చేసింది. నిద్ర బాగా పడుతోందని మురిసిపోయాను, ఇప్పుడు తల్చుకుంటే కడుపులో దేవేస్తోంది. లేబుల్ సరిగ్గా ఉన్నా నమ్మడం కష్టమే, అమెరికాలో 25 రకాల మెలటోనిన్ గమ్మీలు పరీక్షిస్తే 22 వాటిలో రాసిన దానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, ఒకదాంట్లో అయితే రాసినదానికి మూడు రెట్లకి పైనే ఉంది, 2023లో వచ్చింది ఆ రిపోర్టు. మెలటోనిన్ చెడ్డది అనడం లేదు, చాలామంది ఆటిజం పిల్లలకి డాక్టర్లే రాస్తారు, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు అనేది మాత్రం వాళ్ళే చెప్పాలి.

డాక్టర్ గారు అడిగినవి ఆ స్టాల్‌లో ఎవరూ అడగలేదు. గురక పెడతాడా, మలబద్ధకం ఉందా, పడుకున్నాక కాళ్ళు ఊరికే ఆడిస్తాడా, నిద్రలో ఒళ్ళు బిగుసుకుంటుందా. కాళ్ళు ఆడిస్తాడు సార్ అన్నాను, అదొక అల్లరి అనుకునేదాన్ని. రక్తం తీయిస్తే ఫెరిటిన్ బాగా తక్కువ, అంటే ఒంట్లో ఐరన్ నిల్వలు లేవు, దానివల్ల కూడా కాళ్ళు నిలవవట. సిరప్ రాశారు, మీ అంతట మీరు కొని వేసేయకండి, మా బాబుకి టెస్టు చూసి ఇచ్చింది అది. ఓటీ మేడం నేర్పిన పద్ధతి కూడా చేస్తున్నా, స్నానం అయ్యాక అరచేతులతో భుజాల నుంచి పాదాల దాకా నెమ్మదిగా గట్టిగా అదమడం, వాడు చెయ్యి తోసేస్తే వెంటనే ఆపేయడం. ఇప్పుడు మూడింటికి లేచే రోజులు ఉన్నాయి, తెల్లార్లూ పడుకున్న రోజులూ ఉన్నాయి. 

డబ్బు వెనక్కి అడిగితే మొదట "చూస్తాను మేడం", తర్వాత "పిల్లల వస్తువు, వాడేశారు, రిటర్న్ లేదు", తర్వాత నా నంబర్ బ్లాక్. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే, లోపం ఉన్న వస్తువు బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం కూడా తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నా, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయొచ్చు. నేను ముందే తెలివిగా చేసింది ఒక్కటీ లేదు, మీరైనా ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్, డబ్బా నాలుగు వైపులా ఫొటోలు దాచుకోండి, తూకం వేసేటప్పుడు వీడియో తీయండి.

ఆ స్టాల్ దగ్గర ఆ రోజు నాతో పాటు కనీసం ఐదారుగురు అమ్మలు కొనుక్కెళ్ళారు, వాళ్ళు ఎవరో నాకు తెలియదు. మీ ఇంట్లో జిప్పున్న బరువు దుప్పటి ఏది ఉన్నా, ఎక్కడ కొన్నదైనా సరే, ఈ రాత్రి పిల్లలు పడుకునే లోపే తీసి బీరువాలో పెట్టి తాళం వేసేయండి, మిగతావి పొద్దున్న చూసుకుందాం.