పాత కారు ఏసీకి పద్ధతిగా చేసిన మరమ్మతు

మా 2005 నాటి శాంట్రోలో ఏసీ కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) తిరగకుండా పట్టేయడంతో, విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఏసీ పనులు మాత్రమే చేసే ఒక చిన్న షాపుకు బండిని అప్పగించాను. అక్కడి పనితనం నాకు ఎంతో నచ్చింది. అంతకుముందు చూపించిన మరోచోట, కంప్రెసర్ మార్చి గ్యాస్ నింపితే సరిపోతుందని తేల్చేశారు. ఇక్కడి మెకానిక్ మాత్రం గొట్టం విప్పి, అందులోంచి కారిన నల్లటి నూనెను తెల్లగుడ్డకు అద్ది, దానిలో మెరుస్తున్న లోహపు రజను చూపించి, "ఇది గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్‌లోకి కూడా వెళ్లి ఉంటుందండీ, దాన్ని కడగకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే అదీ పాడవుతుంది" అని వివరించారు. ఆ మాట ముమ్మాటికీ నిజం.

కండెన్సర్‌ను ఫ్లష్ చేసి, గ్యాస్ ప్రవాహాన్ని అదుపుచేసే ఎక్స్‌పాన్షన్ వాల్వు, లీకులు ఆపే రబ్బరు ఓ-రింగులు, తేమను పీల్చుకునే డ్రయర్ కొత్తవి వేశారు. గాలి తగిలిన పాత డ్రయర్‌నే మళ్లీ బిగిస్తే పెట్టిన ఖర్చంతా దండగే. ఆపైన అరగంటకు పైగా వాక్యూమ్ పెట్టి (లోపలి గాలిని, తేమను లాగేసి), గేజీ ముల్లు కదలడం లేదని, అంటే లీకు లేదని నాకు చూపించాకే ఆర్134ఏ గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించారు. అందాజుగా గ్యాస్ నింపే అలవాటు చాలాచోట్ల ఉన్నది కనుక, ఈ ఒక్క పనికైనా వారిని మెచ్చుకోవలసిందే.

విడిభాగాల ధరలు వేర్వేరుగా రాసిన బిల్లు ఇచ్చి, తీసేసిన పాత సామానును కూడా డిక్కీలో పెట్టారు. కంప్రెసర్ తెప్పించడంలో కొంత ఆలస్యమైంది, కూర్చోవడానికి సరైన చోటూ లేదు. అయినా మధ్యాహ్నపు ఎండలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా ఇప్పుడు చల్లదనం తగ్గడం లేదు.