కకడూ వెళ్తుంటే హంప్టీ డూలో ఆగండి

ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న డార్విన్ నుంచి కకడూ నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లు చాలామంది హంప్టీ డూలో పెట్రోలు కొట్టించుకుని, ఎర్ర బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్న పెద్ద మొసలి బొమ్మ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. డార్విన్‌కి 40 కిలోమీటర్ల దూరంలో, ఆర్న్‌హెమ్ హైవే మీద ఉంటుంది ఈ ఊరు. ఊళ్లో చూడటానికి అంతకు మించి పెద్దగా లేదు. అయినా వరి పండే చోట పుట్టినవాళ్లు ఇక్కడ ఒక రాత్రి ఉండాలంటాను. కారణం దగ్గర్లోని ఫాగ్ డ్యామ్.

1950ల్లో ఇక్కడి చిత్తడి నేలల్లో భారీగా వరి సాగు చేయాలనుకున్నారు. నీళ్ల కోసం 1956లో ఈ కట్ట పోశారు. నీటి పారుదల కుదరలేదు. మ్యాగ్‌పై గూస్ అనే నలుపు తెలుపు పక్షులు గుంపులుగా వచ్చి చేలమీద పడ్డాయి. కొన్నేళ్లకే సాగు ఆగిపోయింది. ఆ కట్ట వెనక చెరువు ఇప్పుడు ఆ పక్షులదే! సెప్టెంబరు, అక్టోబరుల్లో చుట్టుపక్కల నీళ్లు ఇంకిపోయాక అవన్నీ ఇక్కడికే చేరతాయి.

తెల్లవారుతుండగా వెళ్లాం. నీళ్లనిండా మన తామరలే. ఎర్ర కిరీటం లాంటి తలతో ఒక చిన్న పక్షి పొడవాటి వేళ్లు వెడల్పుగా చాపి ఆకు మీద నుంచి ఆకు మీదకి నడుస్తోంది. ఆకు కాస్త కుంగి, అంచున నీళ్లు చేరేలోపే పక్కదాని మీదకి వెళ్లిపోతుంది. జకానా అంటారు. వీటిలో పిల్లల్ని సాకేది తండ్రి పక్షే. పిల్లలకి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

మొసళ్లుంటాయి కాబట్టి కట్ట మీద నడవనివ్వరు, కారులోనే వెళ్లాలి. అడిలైడ్ నది మీద మాంసం ముక్క వేలాడదీసి మొసళ్లని ఎగిరించే బోటు షికారు కూడా ఉంది. పిల్లలకి నచ్చింది. నాకు మాత్రం అడవి జంతువుకి అలా ఆశపెట్టడం నచ్చలేదు.

బస మాత్రం మామూలే. మేం దిగిన మోటెల్ గదిలో ఏసీ బాగా పనిచేసింది, దోమతెర చిరిగి ఉంది. శాకాహారులు సూపర్‌మార్కెట్‌లో సరుకులు కొనుక్కుని వండుకోవడం మేలు, పబ్‌లో ఎక్కువగా చేప, మాంసమే. అద్దె కారు తీసుకునేటప్పుడు కాగితాలు చదవండి: ఊరి బయట చీకటి పడ్డాక నడపకూడదని చాలా కంపెనీలు షరతు పెడతాయి. సాయంత్రం కట్ట దగ్గర ఉండాలనుకుంటే ఆ సంగతి ముందే తేల్చుకోండి, దోమల మందు మరచిపోకండి.