పిల్లల మనసు తెలియాలంటే బొమ్మల పరీక్షా, ప్రశ్నల ఫారమా: ఏది మేలు?

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. బడికి వెళ్లనని రోజూ ఏడుపు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం. ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి తీసుకెళ్తే ఇల్లు, చెట్టు, మనిషి గీయించి, ఇంటికి తలుపు లేదు కాబట్టి ‘ఎవరినీ దగ్గరికి రానివ్వని స్వభావం’ అని రిపోర్టు రాసిచ్చారు. ఇంటికొచ్చాక అడిగితే, "తలుపు వేశా పిన్నీ, వంకరగా వచ్చిందని రబ్బరుతో చెరిపేశా, మళ్లీ వేసేలోపు పేపరు తీసేసుకున్నారు" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న అక్కడ ఎవరూ అడగలేదని ఇప్పటికీ బాధే.

నమ్మదగిన పరీక్ష అంటే ఇవాళ పెట్టినా రెండు వారాలాగి పెట్టినా, ఎవరు దిద్దినా, ఇంచుమించు ఒకే ఫలితం రావాలి. బొమ్మల పరీక్ష ఇక్కడే తేలిపోతుంది. 1967లో అమెరికాలో చాప్‌మన్ దంపతులనే సైకాలజిస్టులు మనుషుల బొమ్మలకు ఏ సంబంధమూ లేకుండా, గీసినవాళ్ల లక్షణాలంటూ ఏవో అంటించి కాలేజీ విద్యార్థులకు చూపిస్తే, పెద్ద కళ్లు గీసినవాళ్లు అనుమానపు మనుషులని వాళ్లకి ‘కనిపించింది’. లేని లింకు చూసేవాళ్ల బుర్రలో ఉంది. సిరామరకలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగే రోర్‌షాక్ పరీక్షలో 10 కార్డులకి దిద్దే పద్ధతి ఇంతకంటే గట్టిదే, కానీ పిల్లలకి దాని ఒక్కదాని మీదే తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

ఇక బ్రిటన్ పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో తెచ్చిన ఎస్‌డీక్యూ ఫారం, అంటే పిల్లల బలాలూ ఇబ్బందుల గురించి తల్లిదండ్రులో టీచర్లో నింపే ప్రశ్నపత్రం. 25 వాక్యాలు, అయిదు నిమిషాల పని. ఇది స్వభావాన్ని కొలవదు, పిల్లాడు ఈమధ్య ఎలా ఉన్నాడో అడుగుతుంది, మనక్కావలసిందీ అదే కదా. తొమ్మిదేళ్లవాడు భయంతో ముడుచుకుంటే అది వాడి స్వభావమని ముద్ర వేసేస్తే ఎలా?

దీనికీ లోటుంది. 1987లో అమెరికా సైకాలజిస్ట్ ఆకెన్‌బాక్ బృందం 119 అధ్యయనాలు కలిపి చూస్తే, తల్లిదండ్రులు, టీచర్లలా పిల్లల్ని వేర్వేరు చోట్ల చూసే పెద్దల మాటలకి పొత్తు సగటున 0.28 మాత్రమే (పూర్తిగా కలిస్తే 1). మా ఇంట్లోనూ అంతే, అక్క ఫారంలో భయాల స్కోరు బాగా ఎక్కువ, టీచర్ ఫారంలో దాదాపు సున్నా, ఎందుకంటే క్లాసులో వాడు నోరెత్తడు, నోరెత్తని పిల్లాడు టీచర్‌కి బుద్ధిమంతుడే. ఆ తేడా పట్టుకుని ఇంకో సైకాలజిస్ట్ మాట్లాడితే గొడవంతా బడి ఆటోలో అని బయటపడింది, పెద్దపిల్లలు రోజూ ఏడిపిస్తున్నారట.

కాబట్టి నా ఓటు ఫారానికే, అదీ ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, కొన్ని నెలలాగి మళ్లీ ఒకసారి. స్కోరు ఎక్కువొస్తే జబ్బని కాదు, కూర్చుని మాట్లాడాలని. బొమ్మలు మానేయక్కర్లేదు, గీస్తూ పిల్లలు చాలా చెబుతారు. గీశాక "ఇది ఇలా ఎందుకు వేశావు నాన్నా?" అని అడిగితే చాలు.